సొంత ప్రోటీన్ మీదే యాంటీబాడీ ఎందుకు పుడుతుంది?

మీరు అడిగినవి మూడు. 'థైరాయిడ్ రిపోర్టులో యాంటీ టీపీఓ (థైరాయిడ్‌లోని టీపీఓ అనే ప్రోటీన్ మీది యాంటీబాడీ) బాగా ఎక్కువ వచ్చింది, డాక్టరుగారు ఆటోఇమ్యూన్ అన్నారు. నా ఒంట్లోని ప్రోటీన్‌ని నా ఒళ్లే శత్రువని ఎలా అనుకుంటుంది? ఇమ్యూనిటీ మరీ ఎక్కువైతే ఇలా అవుతుందా? చెల్లెలికీ వస్తుందా?' ఇరవై ఏళ్లకు పైగా ఇమ్యూనాలజీ ల్యాబ్‌లో ఈ యాంటీబాడీ పరీక్షలే చూస్తున్నాను కాబట్టి మొదటిదానికి కాస్త తీరిగ్గా చెప్తాను. మిగతా రెండూ అందులోంచే తేలతాయి.

దీన్ని అందరూ కంచే చేను మేయడం అంటారు. నేనూ మొదట్లో విద్యార్థులకు అలాగే చెప్పేదాన్ని, తర్వాత మానేశాను. కంచెకు మామూలుగా చేను జోలికి పోయే గుణం లేదు, ఏదో ఒక రోజు బుద్ధి చెడింది అన్నట్టుంటుంది ఆ మాట. అసలు సంగతి అది కాదండీ. మీ ఒంట్లో, నా ఒంట్లో, ఏ జబ్బూ లేని మనిషి ఒంట్లో కూడా సొంత ప్రోటీన్లకు అతుక్కునే కణాలు ఇప్పుడు కూడా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే ఏర్పాట్లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అందుకే 'ఎందుకు దాడి చేసింది' అనేకంటే 'ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు' అని అడిగితే తొందరగా అర్థమవుతుంది.

అసలు అలాంటి కణాలు పుట్టడం ఎందుకు? రేపు ఏ సూక్ష్మజీవి వచ్చి పడుతుందో ఒంటికి ముందుగా తెలియదు. ఎప్పుడూ చూడని తాళానికి చెవి సిద్ధంగా ఉండాలంటే ఒకటే దారి, తోచిన ఆకారంలోనల్లా చెవులు కోసి పెట్టుకోవడం. యాంటీబాడీలు తయారు చేసే బీ కణాలు, వాటికి తోడుండే టీ కణాలు (రెండూ తెల్ల రక్తకణాలే) చేసేది అదే. ఒక్కో కణం తయారయ్యేటప్పుడు తన డీఎన్ఏలోని కొన్ని ముక్కల్ని పేకముక్కల్లా కలిపి, అతుకుల దగ్గర నాలుగు అక్షరాలు ఇష్టమొచ్చినట్టు చేర్చి, తనదైన రిసెప్టర్ (పట్టుకునే కొక్కెం లాంటి ప్రోటీన్) ఒకటి చేసుకుంటుంది. మనకున్న జన్యువులు ఇరవై వేల చిల్లర. ఈ కలబోతతో వచ్చే రిసెప్టర్ల రకాలు కోట్లకు కోట్లు. యాంటీబాడీల్లో ఇంత వైవిధ్యం ఎలా వస్తుందో తేల్చినందుకే సుసుము తొనెగవాకు 1987లో నోబెల్ ఇచ్చారు.

ఇలా గుడ్డిగా కోసిన చెవుల్లో కొన్ని మన ఇంటి తాళానికే పట్టడంలో వింతేముంది? మనుషుల ఎముక మజ్జలో అప్పుడే పుట్టిన బీ కణాలను ఒక్కొక్కటిగా తీసి పరీక్షించిన ఫలితాలు 2003లో వచ్చాయి. వాటిలో 55 నుంచి 75 శాతం సొంత పదార్థాలకే అతుక్కున్నాయి. మజ్జ దాటి రక్తంలోకి వచ్చి పరిపక్వమయ్యేసరికి ఆ సంఖ్య బాగా పడిపోతుంది. కానీ సున్నా కాదు, సుమారు ఐదింట ఒకటి ఇంకా మిగిలే ఉంటుంది.

టీ కణాల వడపోత ఇంకా కఠినం. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నప్పుడు పెద్దగా ఉండి, వయసు వచ్చేకొద్దీ కొవ్వుగా మారిపోతుంది. 1961లో జాక్ మిల్లర్ ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూసేదాకా దాని అసలు పని తెలియదు. మజ్జ నుంచి వచ్చిన టీ కణాలకు ఇక్కడే పరీక్ష జరుగుతుంది. నూటికి ఐదు కూడా బతికి బయటపడవు. మన కణాలు తమ లోపలి ప్రోటీన్ల ముక్కల్ని హెచ్ఎల్ఏ అనే పళ్లెంలో పెట్టి బయటికి చూపిస్తుంటాయి. ఆ పళ్లేన్నే పట్టుకోలేని టీ కణం పనికిరాదు, చచ్చిపోతుంది. పళ్లెంలోని సొంత ముక్కని మరీ గట్టిగా పట్టుకునేది ప్రమాదం, దాన్నీ చావనిస్తారు. మధ్యరకంగా పట్టుకునేవే పాస్. అంటే పాసైన ప్రతి టీ కణానికీ సొంతదానితో ఎంతో కొంత పరిచయం ఉన్నట్టే. పుస్తకాల్లో 'స్వపర భేదం తెలిసిన వ్యవస్థ' అని రాస్తారు గానీ, లోపల వ్యవహారం అంత శుభ్రంగా ఉండదు.

ఇక్కడ మంచి విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఇన్సులిన్ తయారయ్యేది క్లోమంలో, టీపీఓ థైరాయిడ్‌లో. ఛాతీలో కూర్చున్న థైమస్‌కు అవి ఎక్కడివి? లేకపోతే పరీక్ష ఎలా పెడుతుంది? నేను చదువుకునే రోజుల్లో దీనికి మాస్టార్లు నీళ్లు నమిలేవాళ్లు. స్పష్టమైన జవాబు 2002లో వచ్చింది. థైమస్‌లోని కొన్ని కణాల్లో ఎయిర్ అనే జన్యువు పనిచేస్తుంది. అది ఆ కణాల చేత వేరే వేరే అవయవాల ప్రోటీన్లను, వేల రకాలను, చిటికెడు చిటికెడు తయారు చేయిస్తుంది. వాడుకోవడానికి కాదు, టీ కణాలకు నమూనా చూపించడానికి. ఈ జన్యువు పుట్టుకతోనే రెండు కాపీలూ పాడైన పిల్లల్లో పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి. నమూనా పరిమాణం కూడా ముఖ్యమే. థైమస్‌లో ఇన్సులిన్ కాస్త తక్కువగా తయారయ్యే జన్యురకం ఉన్నవాళ్లకు టైప్ 1 డయాబెటిస్ ముప్పు ఎక్కువ.

ఇంత వడపోసినా కొన్ని జారిపోతాయి. జారినవి బయట ఎందుకు ఊరుకుంటాయో చెప్పాలంటే మీ జబ్బు చరిత్రకే రావాలి. హకరు హషిమోటో అనే జపాన్ సర్జన్ 1912లో, లింఫోసైట్లు (బీ, టీ కణాల జాతి) కిక్కిరిసిన థైరాయిడ్‌ను నలుగురు స్త్రీలలో చూసి వర్ణించాడు, ఈ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. కారణం తెలియదు. ఆ రోజుల్లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ మాట వేదవాక్కు. ఒళ్లు తనకే విషం తయారు చేసుకోవడానికి జంకుతుందని ఆయన అన్నదాన్ని, అది జరగనే జరగదని అందరూ అర్థం చేసుకున్నారు. ఈ లోపు 1904లోనే డోనాట్, లాండ్‌స్టైనర్ కలిసి, చలికి సొంత ఎర్రకణాలను పగలగొట్టే యాంటీబాడీని ఒక జబ్బులో చూపించారు కూడా. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

తర్వాత యాభై ఏళ్లకు నోయెల్ రోజ్ అనే కుర్రవాడు విటెబ్‌స్కీ ల్యాబ్‌లో కుందేళ్లకు కుందేలు థైరాయిడ్ ప్రోటీన్‌నే ఇంజెక్ట్ చేశాడు. యాంటీబాడీలు వచ్చాయి. వేరే కుందేలు ప్రోటీన్ కాబట్టి వచ్చాయేమో అనే అనుమానం లేకుండా, ఒక కుందేలు థైరాయిడ్‌లో కొంత భాగం కోసి తీసి, దాని సారాన్ని అదే కుందేలుకు ఎక్కించారు. అప్పుడూ యాంటీబాడీలు వచ్చాయి. ఒంట్లో మిగిలిన థైరాయిడ్ ముక్కలోకి లింఫోసైట్లు చొరబడ్డాయి. మైక్రోస్కోప్ కింద అది హషిమోటో వర్ణించినట్టే ఉంది. ఇది 1956లో అచ్చయింది. అదే ఏడాది లండన్‌లో రాయిట్, డోనియాక్ బృందం హషిమోటో రోగుల రక్తంలో థైరోగ్లోబులిన్ అనే థైరాయిడ్ ప్రోటీన్ మీద యాంటీబాడీలు ఉన్నాయని చూపించింది. మీ రిపోర్టులోని అంకెకు తాతముత్తాతలు ఈ రెండు పనులే.

ఆ కుందేళ్ల కథలో చాలామంది వదిలేసే ముక్క ఒకటి ఉంది, నాకు అదే అసలైనదనిపిస్తుంది. ఆ ప్రోటీన్‌ను ఉత్తగా ఎక్కించలేదు. మినరల్ ఆయిల్‌లో చచ్చిన క్షయ బాక్టీరియా కలిపిన ఫ్రాయిండ్ అడ్జువెంట్ అనే ముద్దతో కలిపి ఇచ్చారు. కారణం ఇది: టీ కణానికి తన ముక్క దొరికితే చాలదు, 'ఇక్కడ నిజంగా ప్రమాదం ఉంది' అనే రెండో సంకేతం కూడా అందాలి. టీ కణాలకు ముక్కల్ని చూపించే డెండ్రిటిక్ కణాలు, బాక్టీరియా వాసన తగిలితే, ఆ సంకేతం ఇస్తాయి. అది లేకుండా మొదటిదొక్కటే అందితే టీ కణం నీరుగారిపోతుంది, తర్వాత పిలిచినా పలకదు. రోజూ మన థైరాయిడ్ ప్రోటీన్లను చూస్తూ కూడా జారిపోయిన కణాలు ఊరుకునేది అందుకే. వాటిని లేపింది ప్రోటీన్ కాదు, దాంతో పాటు వచ్చిన గొడవ.

దీనిపైన ఇంకో కాపలా ఉంది, అదీ టీ కణాలదే. ఇవి చంపవు, ఆపుతాయి. షిమోన్ సకగుచి 1995లో వీటిని గుర్తుపట్టాడు. ఇవి తయారవడానికి ఫాక్స్‌పీ3 అనే జన్యువు కావాలని 2003లో తేలింది; ఆ జన్యువును అంతకు రెండేళ్ల ముందే, 2001లో, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ గుర్తించారు. అది చెడిన మగపిల్లల్లో పుట్టిన కొద్దికాలానికే పేగులు, క్లోమం, చర్మం అన్నిటిమీదా ఒకేసారి దాడి మొదలవుతుంది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది.

కణాలు అందరిలోనూ ఉన్నాయి, ఆపుతున్నది బ్రేకులే అన్న మాటకు సాక్ష్యం కావాలంటే క్యాన్సర్ వార్డులో దొరుకుతుంది. సీటీఎల్ఏ-4, పీడీ-1 అనేవి టీ కణాల మీదుండే బ్రేకులు. ట్యూమర్ మీదికి టీ కణాలను వదలడానికి వాటిని అడ్డుకునే మందులు ఇస్తున్నారు. ఆ మార్గం చూపినందుకు ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్. ఆ మందు మొదలెట్టిన కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో కొందరికి థైరాయిడైటిస్ (థైరాయిడ్ వాపు) వస్తుంది, కొందరికి పెద్దపేగు వాస్తుంది, అరుదుగా ఇన్సులిన్ తయారీ పూర్తిగా ఆగిపోతుంది. అంతకు ముందు వాళ్ల థైరాయిడ్ శుభ్రంగా పనిచేస్తున్నదే. కొత్తగా ఏ సూక్ష్మజీవీ రాలేదు. బ్రేకు మీద కాలు తీశారు, అంతే.

మందు లేకుండా బ్రేకు ఎలా జారుతుందంటే, దారులు చాలా. అందరూ చెప్పేది పోలిక. గొంతునొప్పి తెచ్చే ఒక రకం స్ట్రెప్టోకాకస్ మీదుండే ఎం ప్రోటీన్‌కు, మన గుండె కండరంలోని మయోసిన్‌కు పోలికలున్నాయి. గొంతు తగ్గిన రెండు మూడు వారాలకు కొందరు పిల్లల్లో కీళ్లు వాచి, గుండె కవాటాలు దెబ్బతినేది దీనివల్లే. రుమాటిక్ ఫీవర్ అంటాం. బాక్టీరియా మీద చేసిన ఆయుధమే ఇది, కాకపోతే ఇంట్లోవాళ్లకూ తగిలింది.

పోలికతో ఏమవుతుందో చూపించే ఉదాహరణల్లో నాకిష్టమైనవి రెండు, రెండూ అనుకోకుండా జరిగినవే. పూర్వం రేబిస్ టీకాను జంతువుల మెదడు, వెన్నుపాముల్లో వైరస్ పెంచి చేసేవాళ్లు. పొట్ట మీద రోజూ పొడిచేవాళ్లని పెద్దవాళ్లు ఇప్పటికీ భయంగా చెప్పుకునేది ఆ ఇంజెక్షన్ల గురించే. కొంతమందికి టీకా తర్వాత కాళ్లు చచ్చుబడేవి. రేబిస్ రాలేదు, వైరస్ తప్పు కాదు. టీకాలో కలిసొచ్చిన నరాల ప్రోటీన్ల మీద ఒంట్లో పుట్టిన ప్రతిఘటన తమ నరాల పొరనే తినేసింది. 1930లలో థామస్ రివర్స్ కోతులకు వైరస్ ఏమీ లేని మెదడు సారాన్ని పదే పదే ఎక్కించి ఇదే తెప్పించాడు. రెండోది 1973లో. పాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు ఎలక్ట్రిక్ ఈల్ చేప నుంచి అసిటైల్‌కోలిన్ రిసెప్టర్ (నరం పంపే సంకేతాన్ని కండరంలో అందుకునే ప్రోటీన్) తీసి, దానికి యాంటీబాడీలు కావాలని కుందేళ్లకు ఎక్కించారు. వాళ్ల ఉద్దేశం జబ్బు తెప్పించడం కాదు. కొన్ని వారాలకు కుందేళ్లు తల నిలపలేక వాలిపోయాయి. మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాల నీరసానికి వాడే మందు ఇస్తే కాసేపు లేచాయి. ఆ జబ్బులో దెబ్బతినేది ఏ ప్రోటీనో అలా తేలిపోయింది.

ఇంకో దారిలో సొంత ప్రోటీన్ సొంతదిగా మిగలదు. మంట, వాపు ఉన్నచోట కొన్ని ఎంజైములు ప్రోటీన్‌లోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని సిట్రులిన్‌గా మారుస్తాయి. చిన్న మార్పే, కానీ థైమస్‌లో చూపించిన నమూనాలో ఇది లేదాయె. పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో ఈ మార్పు ఎక్కువ. దాన్ని చక్కగా పట్టి చూపించే హెచ్ఎల్ఏ రకం కూడా ఉంటే, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్ల జబ్బు ముప్పు ఒకదానికొకటి తోడై పెరుగుతుంది. యాంటీ సీసీపీ అనే పరీక్షలో మేం వెతికేది ఈ మారిన ప్రోటీన్ల మీది యాంటీబాడీలనే. కీళ్లు నొప్పి పెట్టక ముందే, కొన్నేళ్ల ముందే అవి రక్తంలో కనిపిస్తాయి.

కన్ను లాంటి చోట్ల దాగి ఉన్న ప్రోటీన్లు బయటపడటం మరో దారి. ఒక కంటికి లోతుగా గాయమైతే అరుదుగా రెండో కన్నూ వాచిపోతుంది, అసలు గాయమే తగలని కన్ను.

చెత్త ఊడ్వకపోవడం మరొకటి, నా రోజువారీ పని దీనితోనే. రోజూ కోట్లాది కణాలు చస్తాయి, వాటిని వెంటనే తినేసే కణాలు ఉంటాయి. ఆ ఊడ్పు మందగిస్తే లోపలి డీఎన్ఏ, దానికి చుట్టుకున్న ప్రోటీన్లు బయట పడి ఉంటాయి. లూపస్‌లో (చర్మం, కీళ్లు, కిడ్నీల లాంటి చాలా అవయవాలను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు) యాంటీబాడీలు ప్రధానంగా వీటి మీదే. కణ కేంద్రకం మీది యాంటీబాడీలను వెతికే ఏఎన్ఏ పరీక్షకు స్లైడు మీద హెప్-2 అనే మానవ కణాలు పరిచి వస్తాయి. పేషెంటు సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పలచన చేసి వాటి మీద వేసి, కాసేపుంచి, కడిగేసి, యాంటీబాడీలకు అతుక్కుని ఆకుపచ్చగా మెరిసే ద్రావణం వేస్తాం. చీకటి గదిలో కూర్చుని చూడాలి. సీరంలో ఏమీ లేకపోతే ముదురు చీకటి, అంతే. లూపస్ సీరం అయితే కేంద్రకం మొత్తం నిండు చందమామలా వెలుగుతుంది, విభజన జరుగుతున్న కణాల్లో క్రోమోజోముల పట్టీ ఇంకా కాంతిగా కనిపిస్తుంది. చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా జబ్బు ఒక రకంలో అలా నిండు వెలుగు ఉండదు, చుక్కలుంటాయి, కేంద్రకానికి నలభై నుంచి అరవై. విభజన మొదలవగానే ఆ చుక్కలన్నీ ఒకే వరసలోకి వచ్చి నిలబడతాయి, ఎందుకంటే ఆ యాంటీబాడీ పట్టుకున్నది క్రోమోజోముల నడుముని. ఇన్నేళ్లయినా ఆ వరస కనిపిస్తే పక్కనున్నవాళ్లను పిలిచి చూపిస్తాను.

ఇదే స్లైడు ఇంకో సంగతీ నేర్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సీరాన్ని 1:40 పలచన దగ్గర చూస్తే దాదాపు 30 శాతం మందిలో ఏదో ఒక వెలుగు కనిపిస్తుంది. 1:160 దగ్గర కూడా 5 శాతం మందిలో. వాళ్లకు ఏ జబ్బూ లేదు. రిపోర్టు పట్టుకుని రాత్రంతా టెన్షన్ పడి పొద్దున్నే ఫోన్ చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

జబ్బుగా మారేవాళ్లలో అది చిలికి చిలికి గాలివాన అవుతుంది. మొదట ఒక ప్రోటీన్‌లో ఒక చిన్న ముక్క మీద దాడి. దాంతో కణాలు పగిలి కొత్త ప్రోటీన్లు బయటపడతాయి, వాటి మీద కొత్త యాంటీబాడీలు, మళ్లీ నష్టం. అమెరికా సైన్యంలో దాచి ఉంచిన పాత రక్త నమూనాలను తీసి, తర్వాత లూపస్ వచ్చిన 130 మందివి పరిశీలిస్తే, 88 శాతం మందిలో జబ్బు తేలక ముందే కనీసం ఒక యాంటీబాడీ ఉంది. కొందరిలో తొమ్మిదేళ్ల ముందు నుంచే. జబ్బు దగ్గర పడేకొద్దీ వాటి రకాలు పెరుగుతూ పోయాయి.

ఇక మీ రెండో ప్రశ్న, ఇమ్యూనిటీ ఎక్కువైందా అని. కాదు. ఎక్కువ తక్కువల లెక్కే ఇక్కడ సరిపడదు. చచ్చిన కణాల చెత్త ఊడ్చడానికి సాయపడే సీ1క్యూ అనే ఇమ్యూన్ ప్రోటీన్ పుట్టుకతో లేనివాళ్లలో చాలా ఎక్కువ మందికి లూపస్ వస్తుంది. అంటే ఇమ్యూనిటీలో ఒక ముక్క లోపించడం వల్ల. ఇందాక చెప్పిన ఎయిర్ పిల్లలకు ఒకవైపు సొంత గ్రంథులు పోతుంటాయి, మరోవైపు నోట్లో కాండిడా ఫంగస్ తగ్గదు, ఎందుకంటే ఫంగస్‌ను ఆపే తమ సొంత సంకేత ప్రోటీన్ల మీదే వాళ్లకు యాంటీబాడీలుంటాయి. కాబట్టి ఇమ్యూనిటీ పెంచేదని అమ్మే పొడులు, దాన్ని తగ్గిస్తుందని చెప్పే పథ్యాలు, రెండిటికీ డబ్బు పెట్టకండి.

మీ టీపీఓ విషయం. అది థైరాయిడ్ హార్మోన్ తయారీలో అయోడిన్‌ను అతికించే ఎంజైము. హషిమోటోలో గ్రంథిని ప్రధానంగా దెబ్బతీసేది టీ కణాలు; యాంటీబాడీ అక్కడ ఏం జరుగుతోందో చెప్పే గుర్తు. ఇది అన్ని జబ్బులకూ వర్తించదు. గ్రేవ్స్ జబ్బులో యాంటీబాడీయే అసలు దోషి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే హార్మోన్) రిసెప్టర్‌ను పట్టుకుని గ్రంథిని పరుగెత్తిస్తుంది. తల్లి నుంచి మాయ దాటి బిడ్డలోకి వెళ్తే పుట్టిన బిడ్డకు కూడా కొన్ని వారాలు గుండె దడదడలాడుతుంది, తల్లి యాంటీబాడీలు అరిగిపోగానే తగ్గిపోతుంది. మీది అలాంటిది కాదు కాబట్టి ఆ అంకె 300 నుంచి 600 అయిందా, 200కు తగ్గిందా అని ప్రతి మూడు నెలలకూ చూసుకోనక్కర్లేదు. చూడాల్సింది టీఎస్‌హెచ్. మీరు అది రాయలేదు.

ఇమ్యూన్ సిస్టమ్‌ని అణిచే మందులు ఎందుకు ఇవ్వరని కూడా అనిపించవచ్చు. పోయిన హార్మోన్‌ను రోజుకో చిన్న మాత్రతో భర్తీ చేయగలిగినప్పుడు, ఇన్ఫెక్షన్ల ముప్పు తెచ్చే మందులు వాడటం లాభం లేని బేరం. కిడ్నీని తినేస్తున్న లూపస్‌లో అదే బేరం తిరగబడుతుంది, అక్కడ తప్పకుండా ఇస్తారు.

చెల్లెలి సంగతి. జన్యువుల వాటా నిజమే, ముఖ్యంగా హెచ్ఎల్ఏలది. ఆడవాళ్లలో ఈ జబ్బులు ఎక్కువన్నదీ నిజమే. లూపస్‌లో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. కానీ జన్యువులే అంతా అయితే ఒకే అండం నుంచి పుట్టిన కవలలిద్దరికీ రావాలి. మెదడు, వెన్నుపాముల్లో నరాల పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది దాదాపు నాలుగింట ఒక వంతు సందర్భాల్లోనే. అదే జబ్బుకు ఎప్‌స్టీన్ బార్ వైరస్ దాదాపు తప్పనిసరి మెట్టని 2022లో గట్టి ఆధారం వచ్చింది, అయినా ఆ వైరస్ సోకిన పెద్దవాళ్లు 90 శాతం పైనే ఉన్నారు, జబ్బు వచ్చేది అతి కొద్దిమందికి. జన్యువు, సందర్భం, కాస్త దురదృష్టం, మూడూ కలవాలి.

అందుకని మీ చెల్లెలికి ఇప్పుడే యాంటీబాడీ పరీక్ష చేయించమని చెప్పను. నీరసం, బరువు పెరగడం, నెలసరి తేడాలు ఉంటేనో, గర్భం కోసం ప్రయత్నిస్తుంటేనో టీఎస్‌హెచ్ చేయించండి. ఒకవేళ యాంటీబాడీ పాజిటివ్ వచ్చి టీఎస్‌హెచ్ మామూలుగా ఉంటే, ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 20 ఏళ్లు గమనించిన స్త్రీలలో అలాంటివాళ్లకు థైరాయిడ్ మందగించింది ఏడాదికి సుమారు 2 శాతం మందికి. టీఎస్‌హెచ్ కూడా అప్పటికే పెరిగి ఉన్నవాళ్లలో 4 శాతం పైన. మీరు ఈ రెండిట్లో ఎటున్నారో తెలియాలంటే ఆ టీఎస్‌హెచ్ అంకె ఇక్కడ పెట్టండి, ఏ తేదీన చేయించారో కూడా.